‘వేయిపడగలు’ ప్రేమలో పడ్డ కొత్తవాడ పాఠకురాలికి

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న ఇప్పటికీ జంపఖానాలు నేస్తారు. నేను హనుమకొండలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. పెళ్లయింది, ఒక పాప. వారపత్రికల్లో సీరియళ్లు తప్ప పెద్దగా చదివింది లేదు. ఈ వానాకాలం మొదట్లో గ్రంథాలయంలో విశ్వనాథ సత్యనారాయణ నవల ‘వేయిపడగలు’ చేతికొచ్చింది. అంత లావు పుస్తకంలో ఏముంటుందో చూద్దామని తెచ్చుకున్నాను. మొదటి యాభై పేజీలు కొరుకుడు పడలేదు. ఆ తరవాత వదల్లేకపోయాను. పాప పడుకున్నాక అర్ధరాత్రి దాకా, బ్యాంకులో భోజనం వేళ, ఆదివారాలు పుట్టింట్లో నాన్న మగ్గం పక్కన, ఎక్కడ వీలైతే అక్కడ చదివాను. అయిపోయిన రోజు ఏడుపు ఆగలేదు.

అప్పటి నుంచి ఏ నవల పట్టుకున్నా పది పేజీలకే చప్పగా అనిపిస్తోంది. మేం కొందరం ఆడవాళ్లం నెలకోసారి కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. అక్కడ ఈ నవల మాటెత్తితే ఒక స్నేహితురాలు ముఖం మీదే అంది: “మనల్ని గడప బయట నిలబెట్టిన లోకం పోయిందని ఏడ్చిన పుస్తకం అది. దాని కోసం నువ్వు ఏడవడమేమిటి?” ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్నకు కూడా కొన్ని పేజీలు చదివి వినిపించాను. అందులోని దేవదాసి పిల్ల గిరిక నాట్యం గురించిన చోట మగ్గం ఆపి మరీ విన్నారు. అంతా విని, “బాగుంది బిడ్డా. మరి ఆ ఊళ్లో బట్టలు నేసేదెవరు?” అన్నారు. నాకు జవాబు తోచలేదు.

డిగ్రీ చదువుతున్న మా చెల్లికి పట్టుబట్టి ఇస్తే నలభై పేజీలకే తిరిగి ఇచ్చేసింది. “అక్కా, నీకు పూనకం వచ్చింది” అంటోంది. మా ఆయన నవలలోని ఊరి పేరు పట్టుకుని “సుబ్బన్నపేట నుంచి ఇంటికి ఎప్పుడొస్తావు?” అని నవ్వుతారు. పుస్తకం గ్రంథాలయానికి తిరిగివ్వాల్సిన గడువు దాటిపోయింది, ఇవ్వబుద్ధి కావడం లేదు. నా ఇష్టంలో తప్పుందా? నేనేం చేయాలి?

ఒక పాఠకురాలు, కొత్తవాడ, వరంగల్

జవాబు:

అమ్మా,

మీ స్నేహితురాలి మాటతోనే మొదలుపెడతాను. ఆమె మాట కటువుగా ఉంది కానీ అబద్ధం కాదు. ‘వేయిపడగలు’ తన పక్షమేదో దాచుకున్న నవల కాదు. గుడి, జమీందారీ, వర్ణధర్మం కలిసి ఊరిని నిలబెట్టాయనీ, ఇంగ్లీషు చదువులూ కొత్త అలవాట్లూ వచ్చి ఆ కట్టును తెంచాయనీ విశ్వనాథ సత్యనారాయణ నమ్మారు. నమ్మిందే రాశారు. సుబ్బన్నపేటను కాచే సుబ్రహ్మణ్యేశ్వరుడి వేయి పడగలూ తరిగిపోతూ వచ్చి చివరికి రెండే మిగులుతాయి. అంత పెద్ద ఏర్పాటులోనూ భార్యాభర్తల బంధం ఒక్కటే నిలిచిందని ఆయన లెక్క. దీన్ని మెత్తబరచి ‘అదంతా ప్రతీక లెండి’ అని సర్దిచెప్పేవాళ్ల మాట వినకండి. ఆ ఏర్పాటులో మీ ఇంటి గడప ఎక్కడుండేదో మీ స్నేహితురాలికి తెలుసు, మీకూ తెలుసు. నా మటుకు నాకు అందులో కథానాయకుడు ధర్మారావు చేసే వాదాలు చాలా చోట్ల విసుగు పుట్టిస్తాయి. ఆయనతో వాదానికి దిగేవాళ్లు ఎక్కువమంది ఓడిపోవడానికే వచ్చినట్టుంటారు.

అయినా మీ ఇష్టంలో నాకు తప్పు కనిపించలేదు. నవలను ప్రేమించడమంటే నవలాకారుడి అభిప్రాయాల కింద సంతకం పెట్టడమని ఎవరో మనకు నేర్పి పెట్టారు. బ్యాంకు కాగితాలకు ఆ పద్ధతి చెల్లుతుంది. వెయ్యి పేజీల నవలకు చెల్లదు.

మీ ఉత్తరంలో నవల లోపలి సంగతి ఒక్కటే ఉంది, నాన్నగారు మగ్గం ఆపి విన్న గిరిక నాట్యం. చదివి వినిపించడానికి మీరు ధర్మారావు ఉపన్యాసాన్ని ఎంచుకోలేదు. వేణుగోపాలస్వామికి తన ఆటనూ పాటనూ అర్పించుకున్న ఒక దేవదాసి పిల్లను ఎంచుకున్నారు. చేతులు ఆగితే కూలి ఆగే మనిషి ఆమె కోసం చేతులు ఆపారు. విశ్వనాథ సిద్ధాంతానికి మీ ఇంట్లో ఎవరూ తల ఊపలేదు, ఆయన కళ ముందు మాత్రం ఒక మగ్గం కాసేపు ఆగింది. ఈ రెండింటికీ మధ్య తేడా మీ నాన్నగారికి వెంటనే తట్టింది కాబట్టే, విని మెచ్చుకున్న నోటితోనే బట్టలు నేసేదెవరని అడిగారు. ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ నవల ఎలా పుట్టిందో తెలిస్తే మీకు కొంత పనికొస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) నవలల పోటీ పెట్టింది. విశ్వనాథ నోటితో చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. 29 రోజుల్లో ముగిసిందంటారు. బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకుంది. వెయ్యి పేజీలకు దగ్గరగా వచ్చిన నవల అంత వేగంగా సాగిందంటే రోజుకు ముప్పై పేజీలకు పైమాటే. అలా ఆశువుగా చెప్పుకుంటూ పోయే మనిషికి ప్రతి పేజీ దగ్గరా తన అభిప్రాయాన్ని కాపలా పెట్టే తీరిక ఉండదు. చిన్న కథలో రచయిత ప్రతి మాటనూ తన చెప్పుచేతల్లో ఉంచుకోగలడు. ఇంత పొడుగు రచనలో ఆయనకు తెలిసినవీ, చిన్నప్పుడు చూసినవీ, ఎక్కడో విన్నవీ, ఆయన సిద్ధాంతానికి పొసగనివీ అన్నీ వచ్చి కూర్చుంటాయి. పాము పోలికలతో పుట్టి పొలాల వెంట తిరిగే పసిరిక ఉన్నాడు కదా, వాడు ఏ వాదానికి ఉదాహరణ? ఏ వాదానికీ లొంగడు. వాడిని తీసేస్తే ధర్మారావు వాదాలకు వచ్చే నష్టం ఏమీ లేదు. నవలకు మాత్రం ప్రాణం పోతుంది. వర్ణధర్మం గురించి అంత పట్టుదల ఉన్న పుస్తకంలో కథానాయకుడి తండ్రి రామేశ్వరశాస్త్రి నాలుగు వర్ణాల స్త్రీలనూ పెళ్లాడినవాడు. దానికి రచయిత దగ్గర సమర్థన ఉండే ఉంటుంది. ఆ నాలుగు ఇళ్ల సంసారాన్ని అంత దగ్గరగా చూపించాక సమర్థన ఎవరికి గుర్తుంటుంది?

కథ ఆపి పక్కదారి పట్టడం, పాటల గురించీ ఆటల గురించీ పంటల గురించీ పేజీలకు పేజీలు చెప్పుకుపోవడం కొందరికి చిరాకు. మీకు అదే నచ్చినట్టుంది. ఆ రుచి మన వైపు కొత్తది కాదు. పాలకుర్తి మీకు దూరమేమీ కాదు. ఆ ఊరి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైలం యాత్ర వర్ణిస్తూ ‘పర్వత ప్రకరణం’లో జనం పాడే పదాలూ ఆడే ఆటలూ తోలుబొమ్మలూ ఏకరువు పెట్టుకుంటూ పోతాడు. కథ కదలదు, ఆయనకు తొందర లేదు, మనకూ ఉండదు. చేర్యాల పటం పరిచి కులపురాణం చెప్పేవాళ్లూ, ఒగ్గుకథ చెప్పేవాళ్లూ ఒక్క రాత్రిలో ముగించాలని ఎప్పుడూ పట్టుబట్టలేదు. పొడుగాటి కథ వినడం మన పెద్దలకు కష్టం అనిపించలేదు. (మీది నేత ఇల్లని తెలిశాక పడుగూ పేకా అంటూ ఇక్కడ ఒక పోలిక తేవడానికి నా కలం ఉవ్విళ్లూరుతోంది. మీ నాన్నగారికి నవ్వొస్తుందని మానుకుంటున్నాను.)

ఇప్పుడు మీ స్నేహితురాలి ప్రశ్నకు నేనిచ్చే అసలు జవాబు. అది మన జిల్లా మనిషి జీవితంలోనే ఉంది.

నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో 1921లో పుట్టి, వంగరకు దత్తత వెళ్లి, హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు గారు ‘వేయిపడగలు’ను హిందీలోకి అనువదించారు. ‘సహస్రఫణ్’ పేరుతో 1968లో వెలువడింది. అప్పటికి ఆయన రాష్ట్ర మంత్రి. మంత్రి పదవిలో ఉన్న మనిషి తీరిక చేసుకుని వెయ్యి పేజీల తెలుగు నవలను మరో భాషలోకి మార్చడమంటే మాటలు కాదు. ఇష్టం లేకపోతే అయ్యే పని కాదు. మనం చదివేటప్పుడు నచ్చని పేరా మీదుగా కళ్లు పరిగెత్తించవచ్చు. అనువాదకుడికి ఆ వెసులుబాటు లేదు. ధర్మారావు చేసే ప్రతి వాదానికీ, ఆయనకు నచ్చినా నచ్చకపోయినా, హిందీలో సరైన మాట వెతకాల్సిందే. ఆ నవలలో మీరెంత కాలం ఉన్నారో దానికి ఎన్నో రెట్లు ఆయన ఉండి ఉంటారు.

అదే మనిషి ఇంకో నవలను తెలుగులోకి తెచ్చారు. మరాఠీలో హరి నారాయణ ఆప్టే రాసిన ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’. తెలుగులో దాని పేరు ‘అబలజీవితం’. కేంద్ర సాహిత్య అకాడమీ వేసింది. అందులో యమున అనే బ్రాహ్మణ స్త్రీ తన కథ తానే చెప్పుకుంటుంది. చిన్న వయసులో పెళ్లి, అత్తవారింట్లో పెద్దల పెత్తనం, చదువుకోవాలనే ఆశ, తనను మనిషిగా చూసిన భర్త, ఆయన చావు. ఆ తరవాత ఆమె వద్దంటున్నా తల గొరిగించడం. ‘వేయిపడగలు’ ఏ ఇంటిని వీధిలో నిలబడి మెచ్చుకుందో, ‘అబలజీవితం’ ఆ ఇంటి పెరట్లో ఏం జరిగిందో చెబుతుంది. చోటు వేరు, కాలం కొంత ముందుది, అయినా కూలిపోతోందని విశ్వనాథ దుఃఖించిన ధర్మానికి అది రెండో ముఖం. యమున తల గొరిగిన చోటును తెలుగులో రాసిన చేతితోనే ఆయన అరుంధతీ ధర్మారావుల దాంపత్యాన్ని హిందీలో రాశారు.

అంతటితో ఆగలేదు. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక ఆయన పట్టుబట్టిన పని భూ సంస్కరణలు. స్వయంగా పెద్ద భూస్వామి ఇంటివారు. జమీందారీ కూలిపోవడాన్ని ఊరి ప్రాణం పోయినట్టు వర్ణించిన నవలను అంత ప్రేమగా అనువదించిన మనిషి, అధికారం చేతికొచ్చాక భూస్వాముల భూమికి హద్దు గీయడానికి పూనుకున్నారు. ఆయన రాజకీయాల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, అవి వేరే కాగితానికి సరిపడా విషయం. చదువరిగా మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. నవల కోసం తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు, అభిప్రాయం కోసం నవలను పారేయలేదు. ఈ ముచ్చట మీ బృందంలో చెప్పండి. వీలైతే ఒక నెల రెండు నవలల నుంచీ చెరో భాగం తీసుకుని కలిసి చదవండి. మీ స్నేహితురాలిని ‘అబలజీవితం’ చదివి వినిపించమనండి, మీరు ‘వేయిపడగలు’ చదవండి. తరవాత ఎంతసేపు పోట్లాడుకున్నా ఫరవాలేదు. శ్రీశ్రీ అంతటివాడు విశ్వనాథను కీర్తిస్తూ కవిత రాశాడు కదా అని మాత్రం వాదించకండి. పెద్దవాళ్లు మెచ్చారు కాబట్టి మనమూ మెచ్చాలనే వాదన ఎటువైపు నుంచి వచ్చినా నాకు గిట్టదు.

ఇక మీ నాన్నగారి ప్రశ్న.

ఉత్తరం చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ నవల మీద వచ్చిన విమర్శలు ఎన్నో చదివాను, ఇంత సూటి ప్రశ్న వాటిలో అరుదు. జవాబు నేను చెప్పను. చెబితే మీ రెండో చదువు పాడవుతుంది. మళ్లీ చదవండి. ఈసారి ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, 36 అధ్యాయాల్లోనూ పనిచేసే చేతుల్ని వెతకండి. నీళ్లు తోడేదెవరు, దుక్కి దున్నేదెవరు, గుడి ముందు డప్పు కొట్టేదెవరు, పెళ్లికి కుండలు తెచ్చేదెవరు, ఆ గిరిక కట్టుకున్న చీర ఎవరి మగ్గం మీద దిగింది. పేరుతో వచ్చినవాళ్లను ఒకవైపు రాయండి. కులం పేరుతోనో వృత్తి పేరుతోనో వచ్చి వెళ్లిపోయినవాళ్లను ఇంకోవైపు. అసలు రానివాళ్ల కోసం ఒక పేజీ ఖాళీగా వదలండి. రచయిత ఎవరి మీద పది పేజీలు ఖర్చు పెట్టాడో, ఎవరిని అరవాక్యంలో దాటేశాడో తెలిసేకొద్దీ మీకు కోపం రావచ్చు. రానివ్వండి. మొదటిసారి ఏడ్చిన చోటే మళ్లీ ఏడుపు వస్తే దాన్నీ ఆపుకోకండి. ఒకే పేజీ దగ్గర రెండూ రావడానికి అడ్డేమీ లేదు.

అలా ఎక్కడైనా నేతవాళ్ల మీద అరవాక్యం దొరికిందనుకోండి, అక్కడ పుస్తకం మూసి కలం తీయండి. ఆ విషయంలో విశ్వనాథ కంటే మీకు ఎక్కువ తెలుసు. తెల్లవారుజామున కండెలు చుట్టే అమ్మ చేయి, నాడె అటూ ఇటూ పోయే చప్పుడులో పాఠాలు చదువుకున్న పిల్ల, వానపడితే గుంట మగ్గంలోకి నీరు ఊరడంతో పని ఆగిపోవడం, నూలు ధర పెరిగిన నెల ఇంట్లో మాటలు తగ్గడం, ఇవి మీ ఇంట్లోనూ జరిగే ఉంటాయి. ఒక పేజీ రాయండి చాలు. విశ్వనాథ శైలిని అనుకరించకండి, అది ఆయనకే చెల్లింది. మీరు నాకు రాసిన ఉత్తరంలో ఎలా రాశారో అలాగే రాయండి. మీ నాన్నగారు మగ్గం ఆపిన సంగతి మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. అక్కడ ఇంకొంచెం సేపు నిలబడి ఉంటే బాగుండేది.

ఆ చదువు ఈ నెలలోనే మొదలుపెట్టమనడం లేదు. మీకిప్పుడు ఏ నవలా రుచించకపోవడం మామూలే. పొడుగాటి నవలలో నెలల తరబడి ఉన్నాక అందులోని వాక్యం ఊపిరి మనకూ అలవాటవుతుంది. వెంటనే ఇంకో నవల పట్టుకుంటే పాపం, దాని తప్పు లేకుండానే అది చిన్నబోతుంది. కొన్నాళ్లు నవలల జోలికి వెళ్లకండి. కాళోజీ ‘నా గొడవ’ తీసుకుని రోజుకు ఒకటో రెండో కవితలు చదవండి. విశ్వనాథ దీర్ఘ సమాసాల తరవాత ఆ మాటలు ముఖాన చన్నీళ్లు కొట్టినట్టుంటాయి. అలంకారం లేదు, ఉపోద్ఘాతం లేదు, కోపం ఉంటే కోపమే. హనుమకొండలో ఉంటూ ఆయన్ని చదవకపోవడం ఎలాగూ బాగుండదు.

నవల మీద మళ్లీ ఆకలి పుట్టినప్పుడు ‘అంపశయ్య’ పట్టుకోండి. 1969లో వచ్చింది. రాసిన నవీన్ గారిది ఆ పాలకుర్తి దగ్గరి వావిలాలే. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే పేద విద్యార్థి ఒక్క రోజు ఆ నవలంతా. నిద్ర లేచింది మొదలు వాడి బుర్రలో నడిచే ఆలోచనలూ భయాలూ సిగ్గులూ డబ్బు లెక్కలూ ఒకదాని మీద ఒకటి తోసుకువస్తాయి. ఒక ఊరు తరాల తరబడి ఎలా మారిందో విశ్వనాథ చెప్పారు. ఒక కుర్రాడు పొద్దుట్నుంచి రాత్రి దాకా ఎలా నలిగాడో నవీన్ చెప్పారు. కథ చెప్పే తీరులో ఇద్దరూ సాహసులే. సుబ్బన్నపేటలో చోటు దొరకని మనుషుల మనవళ్లు విశ్వవిద్యాలయానికి వచ్చాక ఏమైందో తెలుసుకోవాలన్నా అదే చదవాలి. మీ చెల్లి వయసువాళ్లకు అది ఇంకా త్వరగా పట్టుకుంటుంది, కానీ మీరు పట్టుకెళ్లి ఆమె చేతిలో పెట్టకండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

విశ్వనాథ మన ప్రాంతానికి పూర్తిగా బయటివారేమీ కాదు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టినా, 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చి కొంతకాలం పనిచేశారు. ఇది మీ ప్రశ్నకు జవాబు కాదు, మీకు తెలిస్తే బాగుంటుందని రాశాను.

గ్రంథాలయం పుస్తకం మాత్రం ఈ వారమే ఇచ్చేయండి. ఇవ్వబుద్ధి కావడం లేదని రాశారు, అర్థమైంది, అయినా ఇచ్చేయండి. జరిమానా ఎంతైతే అంత కట్టండి. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904లో పెట్టినప్పుడు, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం ఇంటికి తెచ్చుకుని చదవడమే పెద్ద సంగతి. ఆ రోజుల్లో ఎవరో ఒకరు గడువు దాటాక కూడా పుస్తకం అట్టేపెట్టుకుని ఉంటే, ఇంకెవరికో అది అందకుండా పోయి ఉండేది. మీరు తెచ్చుకున్న ప్రతి కోసం ఇప్పుడు ఎవరు అడుగుతున్నారో మీకు తెలియదు. మీకు సొంత ప్రతి కావాలి, కొనుక్కోండి. రెండో చదువులో గీతలు గీయాలి, అంచుల్లో పోట్లాడాలి. గ్రంథాలయం పుస్తకం మీద ఆ పనులు చేస్తే నేను ఒప్పుకోను.

మీ ఆయన గురించి నాకు దిగులేమీ లేదు. సుబ్బన్నపేట పేరు ఆయన నోట వస్తోందంటే, మీరు చెప్పిందంతా వింటున్నారు. నవ్వనివ్వండి.

మీ చెల్లి విషయంలోనే నాకు మీ మీద కొంచెం కోపం. డిగ్రీ పరీక్షల మధ్య ఉన్న పిల్ల చేతిలో వెయ్యి పేజీలు పెట్టి, నలభై పేజీలు చదివి తిరిగిస్తే బాధపడుతున్నారు. మీకే మొదటి యాభై పేజీలు కొరుకుడు పడలేదని మీరే రాశారు. ఆమె మీకంటే పది పేజీల ముందు ఆగింది, అంతే కదా. ఆ పుస్తకం మీకు ఎవరూ ఇవ్వలేదు. మీ అంతట మీరు అరలో చూసి, లావు చూసి ముచ్చటపడి తెచ్చుకున్నారు. ఆమెకూ ఆ అవకాశం ఉండాలి. పుస్తకం ఇంట్లో ఆమె కంటపడే చోట పెట్టి ఊరుకోండి. ఆదివారం నాన్నగారికి చదివి వినిపించేటప్పుడు ఆమె అటుగా వచ్చి కూర్చుంటే కూర్చుంటుంది, లేచి వెళితే వెళుతుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి పిలవకండి.

ఇంకొకటి. మీ ఉత్తరమంతా వెతికాను, మీ చెల్లి ఇప్పుడు ఏం చదువుతోందో ఎక్కడా రాయలేదు. అడగలేదేమో. ఈ ఆదివారం అడగండి. అది ఫోనులో రోజుకో భాగం వచ్చే సీరియల్ కావచ్చు, దయ్యాల కథ కావచ్చు, మీరు మొహం చిట్లించే ప్రేమకథ కావచ్చు. ఏదైనా సరే, తీసుకుని యాభై పేజీలు చదవండి, చప్పగా ఉన్నా ఆపకుండా. తరవాత అందులో ఏది నచ్చిందో ఏది నచ్చలేదో ఆమెతో మాట్లాడండి. ఆ మాటల్లో ‘వేయిపడగలు’ పేరు ఎత్తకుండా ఉండగలరేమో చూసుకోండి.